వేదికకు దారి అడిగిన పునీత

పునీత రాసిన మాటలను పునీత ఏనాడూ చదవలేదు. ఎవరో ఒకరు చదివేసేవారు.

సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయం. అందులో ఒక ఆర్కిటెక్చర్ స్కూలు. దాని పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఆ పేరు చెరిపేసి ఇంకో కాలేజీ పేరు రాసినా ఈ కథ ఇలాగే ఉంటుంది. ఆ స్కూల్లో బయటివాళ్ళు కూడా వచ్చి వినే ఉపన్యాసాలు ఏడాది పొడుగునా జరుగుతాయి. టోక్యో నుంచో, కొలంబో నుంచో ఒక పేరున్న ఆర్కిటెక్ట్ వచ్చి, తాను కట్టిన భవనాల బొమ్మలు తెర మీద చూపిస్తూ మాట్లాడతాడు. ఏడాదికోసారి కెరీర్ సాయంత్రం ఉంటుంది. ఆ రోజు కంపెనీలవాళ్ళు వచ్చి బల్లలు వేసుకుని కూర్చుంటారు. విద్యార్థులు తమ డ్రాయింగులు చంకన పెట్టుకుని ఆ బల్లల చుట్టూ తిరుగుతారు.

వీటన్నిటినీ నడిపేది పునీత. వక్తను పిలిచేది ఆమె. విమానం టికెట్టు, హోటలు, మాంసం తింటాడా తినడా, అన్నీ చూసేది ఆమె. వక్తను సభకు పరిచయం చేసే నాలుగు మాటలు రాసేదీ ఆమే. ఆ నాలుగు మాటల కోసం ఆయన కట్టినవన్నీ చదువుకుని, ఎక్కడా డాంబికం లేకుండా, వినేవాడికి 'ఈయన మాట వినాలి' అనిపించేలా రాసేది. చాలామంది వక్తలు ముచ్చటపడి, "ఎంత బాగా రాశారండీ" అనేవారు. అనేది పునీతతో కాదు. మైకు ముందు నిలబడి చదివినాయనతో.

ఎందుకంటే ఆ హాల్లో స్టేజీకి మెట్లున్నాయి. పునీత చక్రాల కుర్చీలో తిరుగుతుంది.

చదివినాయన మనవాడే. ప్రొఫెసర్ విశ్వేశ్వరరావు, బెజవాడ మనిషి. మంచివాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు, నిజంగా మంచివాడు. "నువ్వు శ్రమపడకమ్మా, నేను చదివేస్తాలే" అని కాగితం అందుకునేవాడు. విద్యార్థులకు భవన నిర్మాణ నియమాల పాఠం చెప్పేది కూడా ఆయనే. డ్రాయింగులో ర్యాంపు వేయడం మరిచిన పిల్లవాడితో, "చక్రాల కుర్చీ మనిషి ఎలా వస్తాడయ్యా, ఆకాశంలోంచి ఊడిపడతాడా?" అని షీటు మొహాన కొట్టినంత పని చేసేవాడు. ఆ పాఠం అయ్యాక అదే హాల్లో, అవే మెట్లెక్కి పునీత మాటలు చదివి దిగేవాడు. ఆ రెండిటికీ పొత్తు కుదరడం లేదని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

హాలు తలుపు పక్కన నీలం పలక మీద చక్రాల కుర్చీ గుర్తు ఉంది. అది అబద్ధమేమీ కాదు. పైకి లిఫ్టుంది. చివరి వరుస వెనక కుర్చీ పట్టే చోటుంది. పక్క తలుపులోంచి కింద ముందు వరుస దాకా చదునైన దారి కూడా ఉంది. అక్కడితో సరి. ఆ హాలును గీసినవాళ్ళ ఊహలో చక్రాల కుర్చీ మనిషి వినడానికి వస్తుంది, విని వెళ్ళిపోతుంది. ఆమెకు కూడా చెప్పడానికి ఏమన్నా ఉండొచ్చని వాళ్ళు అనుకోలేదు.

ఉపన్యాసం ముగిశాక అందరూ స్టేజీ మీద వరుసగా నిలబడి ఫొటో దిగేవారు. "కొంచెం దగ్గరకు జరగండి, చివరాయన కనబడ్డం లేదు" అని కింద నుంచి చెయ్యి ఊపేది పునీతే.

ఏళ్ళ తరబడి ఇలాగే సాగింది. ఆమె ఒక్కసారీ నోరు తెరవలేదు.

నోరు లేక కాదు. పునీత పుట్టింది మలేషియాలో, పెరాక్ రాష్ట్రపు కొబ్బరి తోటల్లో. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కిన కుటుంబం. తండ్రి పరశురాముడు తోటల్లో వడ్రంగి. కూలీల ఇళ్ళకు తలుపులూ కిటికీలూ చేసేవాడు. నేల మీద సుద్దముక్కతో ఆయన గీసుకున్న గీతలను ఈ పిల్ల కాగితం మీదికి ఎక్కించేది. ఆడపిల్లకు ఇదేం పని అన్నవాళ్ళతో, "నా రంపం కంటే దాని పెన్సిలు తిన్నగా పోతాది, నీకేటి బాధ?" అనేవాడట ఆయన. అలా ఇపో పట్టణంలో, ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్టింగు నేర్చుకుంది. పని కోసం దక్షిణానికి వచ్చి, సింగపూర్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న జొహోర్ బారు పట్టణంలో అద్దెకుంటూ, రోజూ తెల్లారకముందే అన్న సురేన్ మోటార్ సైకిల్ వెనక కూర్చుని కాజ్‌వే వంతెన దాటి, సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఒక డ్రాయింగ్ ఆఫీసుకు వచ్చేది. సింగపూర్ భవనాలను గీసేవాళ్ళు, కట్టేవాళ్ళు, తుడిచేవాళ్ళు వేలమంది ఇవాళ్టికీ ఆ దారినే చీమల బారులా వస్తారు. ఒక వాన పొద్దున లారీ ఒకటి పక్కకు జరిగింది. సురేన్‌కు చెయ్యి విరిగింది. పునీతకు వెన్ను విరిగింది.

అప్పటి ఆమె ఆఫీసు, కింద దుకాణాలూ పైన గదులూ ఉండే పాత షాప్‌హౌస్‌లో పై అంతస్తు. నిలువు మెట్లు. వాళ్ళు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. "ఎక్కగలిగిన రోజున వచ్చెయ్" అన్నారు.

ఆ మాట విన్న మనిషికి, తర్వాత ఒక విశ్వవిద్యాలయం పిలిచి ఉద్యోగమిస్తే ఎలా ఉంటుంది? దేవుడు దిగివచ్చినట్టే ఉంటుంది. అందుకే ఆమె మెట్ల సంగతి ఎత్తలేదు. కృతజ్ఞత మంచి గుణమే, కాదనను. కాని అన్నం పెట్టిన చేతిని తలుచుకుని హక్కును మింగేయమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు చూడండి, ఆ కృతజ్ఞత మాత్రం ముక్కుతాడే.

తన పనిలో మాత్రం పునీత గట్టిది. కెరీర్ సాయంత్రం నాడు ఆమెను చూడాలి. గోడకు అంటుకుపోయిన పిల్లలను దూరం నుంచే పసిగట్టేది. "ఆ గుంట చెక్కతో నమూనాలు బాగా చేస్తాది, పలకరించండి" అని కంపెనీవాళ్ళ చెవిన వేసేది. పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఆయన చూపే సీరియస్సు, మనిషి వెన్న. పోయి నీ డ్రాయింగు చూపించు" అని తోసేది. ఆమె తోపుతో మొదటి ఉద్యోగంలో పడ్డవాళ్ళు ఇప్పుడు సొంత ఆఫీసులు పెట్టుకున్నారు. ఆమెకు ఫోన్ చేసి, "ఆంటీ, ఈ ఏడాది మంచి పిల్లలెవరున్నారు?" అని అడుగుతారు.

కిందటేడు విద్యార్థి కమిటీకి నిఖిల అనే అమ్మాయి పెద్ద. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి ఐటీ ఉద్యోగాలకు వచ్చి పాసిర్ రిస్‌లో స్థిరపడ్డవాళ్ళు. ఈ పిల్ల సింగపూర్‌లోనే పుట్టి పెరిగింది, అక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' అని తోక తగిలిస్తుంది. ఒక మధ్యాహ్నం ఆమె పునీత బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆంటీ, ఈసారి కెరీర్ ఈవెనింగ్‌కి మెయిన్ స్పీకర్ మీరే."

పునీత నవ్వేసింది. "ఏటమ్మా, స్పీకర్ దొరకలేదా? దొరక్కపోతే నాకు చెప్పాల. పిలవడమే గదా నా పని."

"నో లా ఆంటీ, సీరియస్‌గా చెప్తున్నా. కమిటీలో ఓటేసినం. ప్రతి ఇయర్ ఎవరో స్టార్ ఆర్కిటెక్ట్ వస్తడు, కలలు కనండి అంటడు, ఫ్లైట్ ఎక్కి పోతడు. మాకు జాబులు ఎవరిప్పిస్తున్నరు? మీరు. ఆయన కాదు."

"నేనేం కట్టాను తల్లీ, మాట్లాడ్డానికి?"

"కట్టినోళ్ళే మాట్లాడాలని రూల్ ఉందా? స్టేజ్ మీద మీరు, మైక్..."

నిఖిల ఆగిపోయింది. ఆమె కళ్ళు పునీత కుర్చీ చక్రాల మీద ఉన్నాయి. ఇన్నేళ్ళుగా గెంతుకుంటూ ఎక్కి దిగిన మెట్లను ఆ పిల్ల మొదటిసారి చూసింది, అదీ మనసులో.

"అలమాక్," అంది నోటి మీద చెయ్యి పెట్టుకుని. మన 'అయ్యయ్యో'కు సింగపూర్‌లో అదే మాట.

"తక్ అపా," అంది పునీత. ఫరవాలేదు అని ఆమె అందరితో అనే మలయ్ మాట అది. అలవాటుగా వచ్చేసింది. కాని ఈసారి ఆ మాట ఆమెకే రుచించలేదు.

పునీత ఇల్లు హౌగాంగ్‌లో. భర్త దేవన్ తంజోంగ్ పగార్ రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు వంటిల్లు ఆయన రాజ్యం. పునీత వచ్చేసరికి ఎండు చేపలు వేయిస్తున్నాడు.

"ఏటే, మొహం అలాగుంది? మకాన్ చేయలేదా పొద్దున్నుంచి?"

"తిన్నాను. స్టేజీ ఎక్కి మాట్లాడమంటున్నారు."

"ఎక్కు."

"ఎలాగ?"

దేవన్ గరిటె ఆపాడు. "ఓ, అదా. సముద్రం మీంచి ఎన్ని కంటైనర్లు ఎత్తాను! నువ్వెంత? క్రేన్ తెమ్మంటావా?"

పునీత నవ్వింది. నవ్వి, వెంటనే అంది: "నన్ను ఎత్తొద్దు. ఎవరూ ఎత్తొద్దు. ఇంట్లో నా అంతట నేను తిరుగుతాను. రైలెక్కుతాను, బస్సెక్కుతాను, హాకర్ సెంటర్‌కి పోయి తిని వస్తాను. ఎక్కడా ఎవర్నీ పిలవను. ఆ స్టేజీ దగ్గరే నేను కుంటిదాన్ని అయిపోతున్నాను."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"పిలిచి ఉద్యోగమిచ్చారు గదా. ఇంకా ఏటి అడుగుతాం?"

"ఊరికే ఇచ్చారా?" దేవన్ మళ్ళీ గరిటె తిప్పసాగాడు. "పని చేయించుకోలేదా? నువ్వు రాసింది చదివి ఆయన చప్పట్లు కొట్టించుకోలేదా? బాకీ నీదా, వాళ్ళదా?"

మరునాడు ప్రొఫెసర్ విశ్వేశ్వరరావు సంబరంగా వచ్చాడు. కబురు అప్పటికే ఆయన చెవిన పడింది.

"అమ్మా పునీతా, పిల్లలు మంచి పని చేశారు! నువ్వేం దిగులు పెట్టుకోకు. నలుగురు కుర్రాళ్ళను పెడతాను. కుర్చీతో సహా నిన్ను పువ్వులా పైకి ఎత్తేస్తారు."

"నేనేటి సార్, ఊరేగింపు దేవుణ్ణా?"

"అబ్బే, అది కాదమ్మా..."

"నలుగురూ మోసే రోజు ఎలాగూ ఒకటుంది సార్. దానికింకా టైముంది."

ఆయన నాలుక కరుచుకున్నాడు. "పోనీ మైకు కిందికి తెప్పిస్తాను. కింద నుంచే మాట్లాడు. ఎక్కణ్ణించి మాట్లాడితే ఏముంది, మాట ముఖ్యం గానీ" అన్నాడు.

"ఇప్పటిదాకా నేను పిలిచినోళ్ళలో ఎవరైనా కింద నుంచి మాట్లాడారా సార్?"

"హాలు పాతదమ్మా. నేనేం చెయ్యను?"

"పిల్లలు ర్యాంపు లేని డ్రాయింగు తెస్తే ఏటి చేస్తారు?"

పునీత గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు. "దారి ఉంటే మాట్లాడతాను సార్. లేకపోతే లేదు. కెరీర్ సాయంత్రం ఏర్పాట్లలో ఏ లోటూ రానివ్వను, అది నా పని. కాని ముఖ్య వక్త ఎందుకు లేదో పోస్టర్ మీద వేస్తాను. 'వక్త స్టేజీ ఎక్కే దారి లేదు కాబట్టి ఉపన్యాసం లేదు' అని."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎవరికైనా షరతు పెట్టడం అదే మొదలు. ఆ పోస్టరు గోడకెక్కితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వచ్చేది ఊళ్ళోని ఆర్కిటెక్టులంతా. స్కూలు పరువు పోతుంది. పునీత మీద పైవాళ్ళకు కోపం వస్తుంది. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి కొత్తగా రాసే ఒప్పందం. ఆ సంగతి కూడా ఇద్దరికీ తెలుసు.

విశ్వేశ్వరరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "షీటు వెనక్కిస్తాను," అన్నాడు చివరికి. ర్యాంపు లేని డ్రాయింగు తెస్తే ఏం చేస్తారని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అది. "పద, పిల్లల్ని పిలుద్దాం."

స్కూలు వర్క్‌షాపులో కోత యంత్రాలున్నాయి, చెక్క ఉంది, చేతులు ఊరుకోని పిల్లలున్నారు. నిఖిల, ఆమె స్నేహితులు వారం తిరక్కుండానే ర్యాంపు డిజైన్ చేసి, అసలు సైజులోనే నమూనా కూడా కోసి నిలబెట్టారు. అది చూస్తే కళ్ళు చెదిరాయి. విల్లులా వంపు తిరిగి, అంచుల వెంట దీపాలతో, నెమలి మెడలా ఉంది. స్టేజీ ముందు చోటు కూడా ఎక్కువ తినడం లేదు. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు.

పునీత కుర్చీ దాని మీదికి తిప్పింది. సగం ఎక్కేసరికి చేతులు ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి జారింది. పిల్లలు కెవ్వున అరిచి పట్టుకున్నారు.

"తల్లీ," అంది పునీత ఆయాసపడుతూ, "ఇది నేనెక్కడానికి గీశారా, మీరు బహుమతి కొట్టడానికి గీశారా?"

నిఖిల మొహం ఎర్రబడింది. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలే చేయగల తప్పు అది. మామూలు వడ్రంగికి చెబితే ఒక పొడుగాటి పలక వాలుగా వేసి చేతులు దులుపుకునేవాడు. వీళ్ళకు పలక సరిపోదు, శిల్పం కావాలి. శిల్పం అందంగా వచ్చింది. వాలు మాత్రం ఏటవాలు కొండలా వచ్చింది.

"అది కాదు ఆంటీ," అంది నిఖిల నెమ్మదిగా. "వాలు తగ్గించాలంటే ర్యాంపు పొడుగు పెరుగుతది. స్టేజ్ ముందు ఈ చివర్నించి ఆ చివర దాకా వస్తది. అప్పుడు ఫ్రంట్ రోలో ఎవ్వరూ కూర్చోలేరు. కాళ్ళు పెట్టుకునే జాగ ఉండదు. అది వీఐపీల రో. క్యానాట్ లా."

విషయం అప్పుడు తెలిసింది. అడ్డం ఉన్నది మెట్లు కాదు. ముందు వరుస.

ముందు వరుస అంటే పెద్ద కంపెనీల అధిపతులు, విశ్వవిద్యాలయం పెద్దలు. కుర్చీ కుర్చీకీ పేరు అచ్చేసిన కార్డు. స్కూలు ఆఫీసులో ఈ మాట వినగానే గాభరా పుట్టింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళను వెనక కూర్చోబెడతామా? వాళ్ళు నొచ్చుకుని వచ్చే ఏడాది రాకపోతే నష్టపోయేది విద్యార్థులు కాదా? ఈ వాదన మీరు ఎక్కడో విన్నట్టు లేదూ? న్యాయం అడిగిన మనిషిని బీదపిల్లల పేరు చెప్పి వెనక్కి నెట్టడం మన దగ్గరా ఉన్నదే. 'నువ్వు పట్టుబడితే వాళ్ళకు నష్టం' అంటే ఏ మంచి మనిషైనా తగ్గుతుంది. పునీత కూడా ఒక రాత్రంతా నలిగింది. ఆ పిల్లల ఉద్యోగాల కోసమే గదా ఆమె బతుకంతా.

విశ్వేశ్వరరావుకు కూడా అదే గుబులు. "పెద్దవాళ్ళు వెనక కూర్చుంటారంటావా అమ్మా?"

"వెనక నుంచి బాగానే వినబడతాది సార్. నాకు తెలుసు గదా."

ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. అడిగితే 'చూద్దాం' అంటారు, చూస్తూ చూస్తూ రోజు దాటిపోతుంది. అతిథులకు ఆహ్వానాలు పంపేది ఆమే, సీట్ల అమరిక గీసేదీ ఆమే. అది ఆమె అధికారం. ఆ అధికారం తన దగ్గరుందని ఆమెకు అంతవరకూ గుర్తు రాలేదు, అంతే. ప్రతి కంపెనీకీ తన పేరుతో నేరుగా రాసింది: 'ఈసారి వక్త కోసం స్టేజీకి ర్యాంపు వేస్తున్నాం. ముందు వరుస ఉండదు. మీకు నచ్చిన చోట కూర్చోండి.'

రానని ఒక్కరూ అనలేదు. ఒకాయన మాత్రం కారు పార్కింగ్ ఉంటుందా అని అడిగాడు.

పెద్దల కోపం అని మనం వణికేదాంట్లో సగానికి సగం, వాళ్ళ తరఫున మనమే ఊహించుకున్న కోపం.

పిల్లలు నెమలి మెడను పక్కన పడేశారు. పొడుగ్గా, సాదాగా, రెండు వైపులా పట్టుకోను కడ్డీలతో కొత్త ర్యాంపు మొదలైంది. విశ్వేశ్వరరావు చొక్కా చేతులు మడిచి, వాలు కొలిచే పరికరం పట్టుకుని వర్క్‌షాపులోనే తిష్ట వేశాడు. భద్రత చూసే విభాగంవాళ్ళు పరీక్షకు వస్తే, ముందుగా తానే ఎక్కి గెంతి చూపించాడు. "నా బరువుకు ఆగిందంటే ఏనుగుకైనా ఆగుతుంది" అన్నాడు. పిల్లలు ఆయన్ను అంత ఉషారుగా క్లాసులో ఎన్నడూ చూడలేదు.

కెరీర్ సాయంత్రం వచ్చింది. హాలు కిటకిటలాడింది. పునీత తోపుతో పైకొచ్చిన పాత విద్యార్థులు పిలవకుండానే దిగారు. దేవన్ అందరికంటే ముందు వచ్చి, రెండో వరుస నడిమధ్య కుర్చీల మీద టిష్యూ పొట్లాలు పరిచాడు. హాకర్ సెంటర్లో బల్లను 'చోప్' చేసుకునే పద్ధతి. సింగపూర్‌లో టిష్యూ పొట్లం పడిందంటే ఆ కుర్చీ ఒకరిదైపోయినట్టే. సురేన్, ఆయన భార్య జొహోర్ నుంచి వస్తున్నారు మరి. ఇంతలో సూటు వేసుకున్న ఒక పెద్దాయన వచ్చాడు. ఆకాశహర్మ్యాలు కట్టే కంపెనీ అధిపతి. అలవాటుగా ముందుకు నడిచి, ర్యాంపు చూసి ఆగి, రెండో వరుసలో కూర్చోబోయి టిష్యూ పొట్లం చూశాడు.

"సారీ బాస్, చోప్ చేసినాం," అన్నాడు దేవన్ నిమ్మళంగా.

"ఓ, ఓకే ఓకే అంకుల్," అని ఆయన పై వరుసల్లోకి ఎక్కి, తన కంపెనీలో చేరాలని వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఇరుక్కున్నాడు. ఆ కుర్రాళ్ళు బిగుసుకుపోయారు. కాసేపటికి ముగ్గురూ డ్రాయింగులు చూసుకుంటూ కనిపించారు.

పరిచయం విశ్వేశ్వరరావు చేశాడు. "ఈ స్టేజీ మీద నేను చదివిన పరిచయాలు బాగున్నాయని మీరు చాలాసార్లు మెచ్చుకున్నారు. అవన్నీ పునీత రాసినవి. నేను చదివానంతే, పేరు నాకొచ్చింది. ఇవాళ్టిది మాత్రం నేనే రాశాను. అందుకే ఇలా ఉంది." హాలంతా ఘొల్లున నవ్వింది. నవ్వు ఆగాక ఆయన స్టేజీ దిగి రెండో వరుస ముందు నిలబడ్డాడు.

పునీత పక్క తలుపులోంచి వచ్చింది. ముదురు ఎరుపు చీర. ర్యాంపు మొదట్లో ఒక్క క్షణం ఆగి చక్రాల మీద చేతులు వేసింది. ఆమె కదిలింది. చెక్క మీద రబ్బరు చక్రాల చప్పుడొక్కటే. మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఆగింది. విశ్వేశ్వరరావు ఉండబట్టలేక సాయానికి రెండడుగులు వేశాడు. దేవన్ రెండో వరుసలోంచి వంగి ఆయన కోటు అంచు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఉండండి సార్. ఎక్కుద్ది."

ఎక్కింది.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. నిఖిల ఏడుస్తూ ఈల వేసింది. పునీత మాత్రం ఏడవలేదు. మైకు ఎత్తు తగ్గించుకుని, "మీకు ఉద్యోగాల సంగతి చెప్పమన్నారు. అదే చెప్తాను" అని మొదలుపెట్టింది. తండ్రి సుద్ద గీతల గురించి చెప్పింది. కాజ్‌వే మీది తెల్లవారుజాముల గురించి చెప్పింది. ఎక్కగలిగిన రోజున రమ్మన్న ఆఫీసు గురించి చెప్పింది. జాలి పుట్టించే మాట ఒక్కటీ లేదు. రెండు మూడు చోట్ల పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది కూడా.

"మీరు ఒక హాలు గీస్తారు," అంది విద్యార్థులతో. "వచ్చి కూర్చునే మనిషిని ఊహించుకుంటారు. అది సులువు. ఆ మనిషే మైకు పట్టుకుంటుందని ఊహించండి. ఒక ఆఫీసు గీస్తారు. నన్ను పని మీద వచ్చిపోయే మనిషిగా ఊహించుకుని, కింద ఒక బెల్లు పెడతారు. నేనే దానికి బాస్‌నని ఊహించి గీయండి. డ్రాయింగు మొత్తం మారిపోతుంది."

తర్వాత కంపెనీలవాళ్ళ వైపు తిరిగింది. "రేపు నేను మీ దగ్గర ఉద్యోగానికి వస్తే, ఎవరూ ఎత్తకుండా నా కుర్చీ దాకా రాగలనా? రాగలనన్నవాళ్ళు చెయ్యెత్తండి."

కొన్ని చేతులు లేచాయి. కొన్ని లేచి మళ్ళీ దిగాయి. వెనక వరుసలో ఒకావిడ నిలబడింది, సొంత ఆఫీసున్న ఆర్కిటెక్ట్. "మాది షాప్‌హౌస్ పై అంతస్తు. మెట్లే. ఇన్నేళ్ళలో అలాంటివాళ్ళెవరూ ఉద్యోగం అడగలేదు. అందుకని సమస్య ఉందని అనుకోలేదు."

"అడగలేదని ఎలా తెలుసు మేడమ్?" అంది పునీత. "మెట్ల దాకా వచ్చి వెళ్ళిపోయుంటారు."

"నిజం," అంది ఆవిడ.

ఆ సాయంత్రం బల్లల దగ్గర పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న మారిపోయింది. జీతం గురించి, పని గంటల గురించి అడగడానికి ముందు, "మీ ఆఫీసులోకి మెట్లెక్కకుండా రావచ్చా?" అని అడిగారు. వాళ్ళలో చాలామంది గెంతగలిగిన పిల్లలే. అయినా అడిగారు. జవాబు చెప్పలేక నీళ్ళు నమిలిన పెద్దమనుషులను చూసి పునీత ఎంత ఆనందించిందో ఆమె మొహం చూసినవాళ్ళు చెబుతారు.

ఇప్పుడు ఆ హాల్లో ముందు వరుస లేదు. సెలవుల్లో పీకేశారు. ఆ చోట పిల్లల చెక్క ర్యాంపు తీసి పక్కాది కట్టారు. ప్రతి ఉపన్యాసానికీ పునీతే పైకి వెళ్ళి, తన మాటలు తన గొంతుతో చదువుతుంది. ఒప్పందం కొత్తగా రాశారు, ఈసారి ఏడాదికి కాదు, శాశ్వతంగా. కెరీర్ సాయంత్రానికి వచ్చే కంపెనీలు, తమ ఆఫీసుకు మెట్లు లేని దారి ఉందో లేదో బల్ల మీద రాసి పెట్టాలన్నది ఆమె కొత్త నియమం. షాప్‌హౌస్ ఆవిడ ఇంటర్వ్యూలను కింది కాఫీ షాపులో చేస్తోంది. ఆఫీసు మారుస్తానంటోంది. మార్చేదాకా పునీత వదలదు లెండి.

ఇక మీతో ఒక మాట.

ఇది సింగపూర్ కథ అని పక్కన పెట్టకండి. సింగపూర్‌లో రైలుకూ బస్సుకూ దారి ఉంది కాబట్టి ఆమె స్టేజీ దాకా అయినా రాగలిగింది. మన ఊళ్ళలో గడప దగ్గరే ఆగిపోయినవాళ్ళ సంగతేమిటి? మీ కాలేజీ ఆడిటోరియం, మీ తెలుగు సంఘం ఉగాది జరుపుకునే హాలు, మీ అపార్ట్‌మెంట్ ఫంక్షన్ హాలు, వీటిలో ఒక్కదానికి ఈ వారం వెళ్ళండి. స్టేజీ దగ్గర నిలబడి, మెట్లు తప్ప వేరే దారి ఉందా అని చూడండి. లేకపోతే నిర్వాహకుడి పేరు కనుక్కుని రాతపూర్వకంగా అడగండి. హాలు మీరే అద్దెకు తీసుకుంటున్నట్లయితే, ర్యాంపు ఏదని అడిగాకే డబ్బు కట్టండి. మిమ్మల్ని ఎక్కడైనా మాట్లాడమని పిలిస్తే, ఒప్పుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న వేయండి, మీరు ఎక్కగలిగినా సరే. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. పదిమంది అడిగితే వడ్రంగిని పిలుస్తారు.